ఆ పద్యంలో దూడలెవరు?

మా మావయ్య ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పారు. రిటైరై ఇన్నేళ్లయినా ఆ బడివాళ్లు ఏటా ఆగస్టు 15కి ఆయన్ని పిలుస్తూనే ఉన్నారు. జెండా ఎగరేశాక పావుగంట మాట్లాడాలి. ఈసారి ఆయన పెట్టుకున్న విషయం ‘మన సాహిత్యంలో దేశభక్తి’. ముందురోజు సాయంత్రం రాజమండ్రి దానవాయిపేటలో వాళ్లింటికి వెళ్లేసరికి, వరండాలో పడక్కుర్చీలో కూర్చుని అట్టకి క్లిప్పు పెట్టిన కాయితం మీద పేర్లు రాసుకుంటున్నారు. నేను కాలేజీలో హిందీ చెబుతాను. కాయితం నా చేతికిచ్చి, “ఎవరైనా మిగిలిపోయారేమో చూడవే” అన్నారు.

అక్కణ్ణించి మొదలైన మాటలు రాత్రి పదకొండు దాకా సాగాయి. గుర్తున్నంతలో రాస్తున్నాను. ఒక పక్షం నాదే కాబట్టి, ఆయన మాట ఎక్కడా పలచబడకుండా రెండుసార్లు చదివి చూసుకున్నాను.

నేను: బంకించంద్రుడు, చిలకమర్తి, గురజాడ, రాయప్రోలు, గరిమెళ్ల, ఉన్నవ. ముందు ఎవరితో మొదలుపెడతారు మావయ్యా?

మావయ్య: చిలకమర్తితో. మన ఊరి పద్యం కదా! 1907లో బిపిన్ చంద్రపాల్ ఇక్కడికొచ్చి ఉపన్యాసాలిస్తే చిలకమర్తివారే వాటిని తెలుగులో చెప్పారు. ఆ వేడిలో పుట్టింది ఆ పద్యం. ఆ రోజుల్లోనే, వందేమాతరం బ్యాడ్జీల గొడవలో ట్రైనింగ్ కాలేజీలోంచి గాడిచర్ల హరిసర్వోత్తమరావుని గెంటేశారు. ఇదంతా మనం రోజూ తిరిగే వీధుల్లో జరిగిందని చెబితే పిల్లలు నిటారుగా కూర్చుంటారు.

నేను: ఆ పద్యంలో దేశం పాడి ఆవు. తెల్లవాళ్లు దూడల మూతులు బిగగట్టి పాలు పితుక్కుపోతున్నారు. సరే. ఆ దూడలెవరు?

మావయ్య: హిందువులు అని ఉంది. నువ్వెక్కడికి వస్తున్నావో తెలుస్తోంది. ఆ రోజుల్లో ఈ దేశంలో ఉండేవాళ్లందరినీ కలిపి కూడా ఆ మాట వాడేవారు. మద్రాసులో పత్రికకి ‘హిందూ’ అని పేరు పెట్టుకుంటే అది మతం పత్రికయిపోయిందా? పైగా చిలకమర్తివారు, ఎవరూ దగ్గరికి రానివ్వని పిల్లలకి ఈ ఊళ్లోనే బడి పెట్టి నడిపిన మనిషి. ఆయన మనసుని శంకించకు.

నేను: శంకించడం లేదు. చెడ్డవాడు రాసి ఉంటే పక్కన పెట్టేసేవాళ్లం, గొడవ వదిలేది. అంత మంచి మనిషికి కూడా ‘మనం’ అనబోతే నోటికి ఆ మాటే వచ్చింది. నా బెంగ అదీ. రేపు మీ ముందు కూర్చునే పిల్లల్లో ముస్లిం పిల్లలుంటారు, చర్చికి వెళ్లే పిల్లలుంటారు. పద్యం వింటూ వాళ్లు ఆ దూడల్లో తమని వెతుక్కుంటారు.

మావయ్య: పన్నెండేళ్ల పిల్లాడు అంత లోతుకి పోడమ్మా. రాగం బావుంటే చప్పట్లు కొడతాడు.

నేను: అప్పుడు రాగంతో ఎక్కిందే పెద్దయ్యాక అర్థంతో తగులుతుంది మావయ్యా. ఇంకోటి. గరిమెళ్ల పేరు కింద ఈ ఊరి పేరే మరొకటి ఉండాలి. కుసుమ ధర్మన్న.

మావయ్య: అది రేపటి సభకి తగదు. గరిమెళ్ల ‘మాకొద్దీ తెల్లదొరతనము’ అని పాడి జైలుకెళ్తే, ధర్మన్న ‘మాకొద్దీ నల్లదొరతనము’ అని ఎదురు కట్టాడు. ఇల్లు తగలబడుతుంటే వాటాలు అడిగినట్టుందని మా గురువుగారు బాధపడేవారు.

నేను: ఆ ఇంటి గుమ్మం ఆయన్ని ఏనాడైనా తొక్కనిచ్చారా? ధర్మన్నగారు వైద్యం చేసేవారు, ‘జయభేరి’ పత్రిక నడిపారు. ఊరి చెరువులో నీళ్లు ముంచుకోనివ్వనివాళ్లు, గుళ్లోకి అడుగుపెట్టనివ్వనివాళ్లు ఉన్నట్టుండి వచ్చి మనమందరం బానిసలం అంటే, ఈ ‘మనమందరం’ ఏ రోజు నుంచి అని ఆయన అడిగారు. తెల్లదొర పోయాక నా మెడ మీద ఎవరి కాలు ఉంటుందో ఇప్పుడే తేల్చండి అన్నారు. ఆ మాట అప్పుడు అడక్కపోతే ఎప్పుడు అడగాలి?

మావయ్య: అడగచ్చు. కానీ గరిమెళ్ల మాత్రం దొరా? తిండి కరువు, ఉప్పు మీద పన్ను, అన్నీ ఆ పాటలో ఉన్నాయి. చివరికి 1952లో మద్రాసులో ఒంటిమీద సరైన బట్ట లేకుండా, కడుపుకి లేకుండా పోయాడు ఆ మహానుభావుడు. పేదరికం ఆయనకి మరొకరు చెప్పక్కర్లేదు.

నేను: అవును. అప్పటికి స్వాతంత్ర్యం వచ్చి అయిదేళ్లు దాటింది మావయ్యా. ఆయన్ని అలా పోనిచ్చింది తెల్లదొర కాదు.

గరిమెళ్ల పేరెత్తితే మావయ్య గొంతు జీరపోతుంది. కాసేపు వీధిలోకి చూస్తూ ఊరుకున్నారు. అత్తయ్య కాఫీలు పెట్టి వెళ్లింది. గ్లాసు చేతిలోకి తీసుకున్నాక, అప్పటిదాకా దాచుకున్న అసలు వాదన బయటికి తీశారు.

మావయ్య: ఇప్పుడు నా మాట విను. నువ్వు చెప్పే ఈ రచయితలకి అడిగే హక్కు ఎక్కణ్ణించి వచ్చింది? వోటు ఎక్కణ్ణించి వచ్చింది? అంటరానితనం రద్దని రాజ్యాంగంలో రాసుకున్నది ఏ దేశం? దేశమనే ఊహ లేకపోతే ధర్మన్న ప్రశ్న కలెక్టరు కచేరీలో అర్జీగా మూలపడి ఉండేది. ఉన్నవవారు జైల్లో కూర్చుని ‘మాలపల్లి’ రాశారు. ఒక మాల కుటుంబాన్ని కథ నడిమధ్య నిలబెట్టారు. ఆ నవలని తెల్లప్రభుత్వం నిషేధించింది. జాతీయోద్యమమే లేకపోతే ఆ నవల పుట్టేదా? దేశం పేదవాడికి ఇచ్చింది రాయకుండా, వాడి దగ్గర తీసుకున్నదే రాస్తే అది సగం లెక్క.

నేను: పుట్టేది కాదు. ఒప్పుకుంటాను. రాజ్యాంగం సంగతీ ఒప్పుకుంటాను, రాసిన సంఘానికి పెద్ద అంబేడ్కర్ అన్నది కూడా కలుపుకోండి. అందరం కలిసి బతికే చోటుగా దేశాన్ని చూసుకున్నంతసేపు నాకే పేచీ లేదు. దాన్ని గుడి చేసినప్పుడే భయం. గుడి అన్నాక పూజారి వస్తాడు. పూజారి వచ్చాక లోపల ఎవరు, బయట ఎవరు అన్న లెక్క వస్తుంది. పేదవాడిని కానుక అడుగుతారు. వేరే మతంవాడిని రుజువు అడుగుతారు. ఇది నేను కనిపెట్టింది కాదు, టాగోర్ ‘ఘరే బైరే’ నవలలో 1916 నాటికే రాసిపెట్టాడు. అందులో పంచూ గుర్తున్నాడా?

మావయ్య: నిఖిల్, సందీప్, బిమల గుర్తున్నారు. పంచూ ఎవడు?

నేను: అందరం అతన్నే మర్చిపోతాం. నెత్తిన మూట పెట్టుకుని ఊళ్లు తిరుగుతూ చిల్లర సరుకు అమ్ముకునేవాడు. అందులో విదేశీ బట్ట ఉందని జమీందారు జరిమానా వేసి మూట తగలబెట్టిస్తాడు. ఆ జమీందారుకి రాత్రికి రాత్రి దేశభక్తుడని పేరు. పంచూకి మర్నాటికి పెట్టుబడి లేదు. నది మీద సరుకు వేసే మీర్జాన్ అనే పడవవాడు కూడా ఉంటాడు, అతని పడవ ముంచేస్తారు. విదేశీ సరుకు చవక. చవక సరుకు కొనేది పేదలు, అమ్మేది పేదలు. స్వదేశీ బట్ట ఎక్కువ పెట్టి కొనగలిగినవాడికి త్యాగం తేలిక. ఇంకో జమీందారైన నిఖిల్ తన సంతలో విదేశీ సరుకు ఆపనని మొండికేసింది అందుకే.

మావయ్య: రాసినవాడు జమీందారే కదే! తన రైతుల మీద ఉద్యమం నీడ పడకూడదని జమీందారు అనుకోడూ? ఆ నవలని జర్మన్ పత్రికలో విమర్శకుడు లూకాచ్ ఉతికేశాడు. శరత్ ‘పథేర్ దాబీ’ రాస్తే ప్రభుత్వం 1927లో నిషేధించింది. నిషేధం మీద గొంతెత్తమని శరత్ అడిగితే టాగోర్ ఎత్తలేదు. ఆ బాధ శరత్‌కి చాలాకాలం పోలేదు. ఎవరి పుస్తకం ప్రభుత్వానికి ఇబ్బంది కలిగిందో చూసుకుంటే, ఎవరు పేదల పక్షమో తెలియదా?

నేను: శరత్ విషయంలో టాగోర్ చేసింది నాకూ మింగుడు పడదు. కానీ ఆయన ఒడ్డున కూర్చుని రాయలేదు. 1905లో వంగ విభజనకి ఎదురుగా వీధుల్లో నడిచి హిందువులకీ ముస్లింలకీ రాఖీలు కట్టాడు. ఉద్యమం కోసం పాటలు కట్టాడు. సంతల్లో ముస్లిం వర్తకుల మీద, చిన్న రైతుల మీద ఒత్తిడి తేవడం చూసి వెనక్కి తగ్గాడు. లోపలికి వెళ్లొచ్చినవాడి సాక్ష్యం అది.

ఇక్కడ మావయ్య కాయితం వెనక్కి తిప్పి ‘పంచూ’ అని చిన్నగా రాసుకున్నారు. ఒప్పుకున్నందుకు కాదు, పేరు మర్చిపోకూడదని. ముప్పై నాలుగేళ్ల అలవాటు. నాకు ఆయన మీద అంత గౌరవం ఉండటానికి ఆ అలవాటు ఒక కారణం.

మావయ్య: అదంతా తెల్లవాడి కాలం. విభజనకి వద్దాం. ‘తమస్’ దూరదర్శన్‌లో వచ్చినప్పుడు ఈ హాల్లోనే కూర్చుని చూశాం, నువ్వు మీ అమ్మ ఒళ్లో ఉండేదానివి. మసీదు మెట్ల మీద చచ్చిన పంది. దాంతో ఊరు అంటుకుంటుంది. ఆ పందిని చంపించిన మురాద్ అలీ ముస్లిమే. రెండువైపులా పాపం ఉందని భీష్మ సాహ్నీయే రాశాడు. నువ్వు ఒక వైపే చూస్తున్నావు.

నేను: చంపించింది మురాద్ అలీ. చంపిందెవరు? నత్థూ. తోళ్లు శుభ్రం చేసుకునే చమార్. నవల అతని దగ్గరే మొదలవుతుంది, ఆ అధ్యాయం నేను ఏటా క్లాసులో చదివి వినిపిస్తాను. ఇరుకు గది, మట్టి ప్రమిద, ఉక్క. తోళ్ల పని తెలుసు గానీ పందిని చంపడం అతనికి చేతకాదు. పొడుస్తాడు, అది పడదు. తలుపు సందులోంచి తెల్లవారుతుందేమోనని చూస్తాడు. చేతిలో అయిదు రూపాయల నోటు ముందే పెట్టేశారు, కాదనలేడు. పశువుల డాక్టరుకి కావాలట, అంతే చెప్పారు. మర్నాడు అదే పందిని మసీదు మెట్ల మీద వేసి ఉంచారని తెలిశాక, తగలబడే ఊళ్లో ప్రతి మంటా తానే పెట్టానని కుమిలిపోతాడు. ఆఖర్న శాంతి కమిటీ బస్సు బయల్దేరుతుంది. అందులో కూర్చుని నినాదాలిచ్చేది ఎవరు? మురాద్ అలీ. అప్పటికి నత్థూ లేడు. పోయాడు. మురాద్ అలీ వెనక ఎవరున్నారో సాహ్నీ తేల్చి చెప్పడు. నత్థూలాంటివాడికి అది ఎప్పటికీ తెలియదు కాబట్టి మనకీ చెప్పలేదనుకుంటాను.

మావయ్య: సాహ్నీది రావల్పిండి. 1947 మార్చిలో కళ్లారా చూసినవాడు. రాయకుండా ఉండలేకపోయాడు.

నేను: చూసింది 1947లో. రాయడానికి కూర్చుంది 1970లో భీవండీ అల్లర్ల తర్వాత. కాలిన మగ్గాలు, ఖాళీ ఇళ్లు చూసేసరికి పాతవి లేచి వచ్చాయట. దేశం ఏర్పడి ఇరవై మూడేళ్లయినా అదే దృశ్యం.

మావయ్య: నువ్వు బాధే ఏరుకొస్తున్నావు. ఒప్పుకోను. ముస్లింలలో దేశం కోసం ప్రాణమిచ్చినవాళ్లు లేరా? 1965లో అబ్దుల్ హమీద్. ఖేమ్‌కరణ్ దగ్గర పాటన్ ట్యాంకులకి ఎదురెళ్లి వాటిని పేల్చాడు. పరమవీరచక్ర ఇచ్చి దేశమంతా నెత్తిన పెట్టుకుంది. దర్జీ ఇంట్లో పుట్టిన బీదవాడు. నీ మైనారిటీ, నీ పేదవాడు ఇద్దరూ అతనిలోనే ఉన్నారు. జాతీయత అతన్ని బయట నిలబెట్టిందా?

నేను: ఈ మాట మీరు అంటారని ఎదురుచూస్తున్నాను మావయ్యా. హమీద్‌ది గాజీపూర్ జిల్లా. ఆయన జీవితకథ రాసిందెవరో తెలుసా? రాహీ మాసూమ్ రజా. చిన్నమనిషి పెద్ద కథ అని ఆ పుస్తకం పేరుకి అర్థం.

మావయ్య: మహాభారతం సీరియల్‌కి మాటలు రాసినాయనా?

నేను: ఆయనే. ఆదివారం పొద్దున్న మీరు స్నానం చేసి కూర్చుని విన్న మాటలు ఆయనవే. ఆయనదీ గాజీపూర్ జిల్లాయే, గంగౌలీ అనే ఊరు. హమీద్ కథ వచ్చిన 1966లోనే ఆయన నవల ‘ఆధా గావ్’ కూడా వచ్చింది. అందులో ఫున్నన్ మియా అని ఒక ముసలాయన. ఆయన కొడుకు ముంతాజ్ 1942లో కాసిమాబాద్ పోలీస్ ఠాణా మీదికి వెళ్లినవాళ్లలో ఉండి తూటాకి పోయాడు. తర్వాత అక్కడ అమరవీరుల సభ పెడతారు. పెద్దలు వచ్చి మాట్లాడతారు, చనిపోయిన హిందూ కుర్రాళ్ల పేర్లు చెప్పి పొగుడుతారు. ముంతాజ్ పేరు రాదు. ముసలాయన జనంలోంచి లేచి నిలబడతాడు. అరవడు, తిట్టడు. మా అబ్బాయి కూడా ఇక్కడే పోయాడు బాబూ, వాడి పేరు ముంతాజ్, మీకెవరూ చెప్పినట్టు లేరు అన్న ధోరణిలో అడుగుతాడు. అంతే.

మావయ్య చాలాసేపు ఏమీ అనలేదు. ఆ పేజీ నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. చెబుతుంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

మావయ్య: అదే మనిషి ఇదీ రాశాడు, అదీ రాశాడు.

నేను: అదే ఏడాది. హమీద్ పేరు అందరికీ తెలుసు. తెలియాలి కూడా. కానీ లెక్కలోకి రావాలంటే ట్యాంకులు పేల్చాలా? ముంతాజ్ చచ్చిపోయినా పేరు పలకలేదు. చావకుండా, ఎవరినీ చంపకుండా, మగ్గమో కుట్టుమిషనో చూసుకుంటూ బతికేవాడి సంగతేమిటి? వాడు రుజువు ఎక్కణ్ణించి తేవాలి? మన తెలుగులో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చింది. పుట్టుకతోనే ఒంటికి అంటించిన అనుమానం గురించి. దాని తర్వాత ‘జల్‌జలా’, ‘వతన్’ సంకలనాలు వచ్చాయి. వతన్ అంటే సొంత ఊరు, సొంత దేశం. ఆ మాటని పుస్తకానికి పేరుగా పెట్టుకున్నవాళ్లని దేశం మీద ప్రేమ లేనివాళ్లని ఎలా అంటాం? మీ కాయితంలో వాళ్లకి చోటు లేదెందుకు?

మావయ్య: ‘ఆధా గావ్’ పూర్తిగా చెప్పు. అందులో పాకిస్తాన్ అడిగినవాళ్లు లేరా?

నేను: ఉన్నారు. అలీగఢ్ నుంచి చదువుకున్న కుర్రాళ్లు వచ్చి ఊరివాళ్లకి పాకిస్తాన్ ఎందుకో చెబుతారు. ఊరివాళ్లకి తలకెక్కదు. మా పొలం, మా తాతల సమాధులు, మా మొహర్రం ఇక్కడుంటే మేమెక్కడికి పోవాలని వాళ్ల గోల. కొన్నాళ్లకి ఇళ్లు ఖాళీ అవుతాయి. ముసలివాళ్లు, ఆడవాళ్లు మిగిలిపోతారు. ముస్లిం జాతీయవాదం కూడా ముందు తన బీదల్నే మింగింది. రజా దాన్ని దాచలేదు, క్షమించలేదు. అందుకే ఆయన మాట నమ్ముతాను.

మావయ్య: ఇది చెప్పావు చూడు, ఇప్పుడు లెక్క పూర్తయింది. కానీ నాకో భయం ఉందమ్మాయ్. అన్నిటినీ ప్రశ్నలు చేసి పిల్లల చేతికిస్తే వాళ్లు దేన్ని పట్టుకుని నిలబడతారు? మాకు ఆ పాటలు ఆసరా. మా నాన్న పోయినప్పుడు ఇంట్లో బియ్యం లేవు. బడిలో జెండా దగ్గర నిలబడితే, నాకూ ఒక పెద్ద ఇల్లుందని అనిపించేది. నువ్వు గుడి అంటున్నావు. నాకది తిండి లేనినాటి నీడ. దాన్ని తీసేసి నా చేతిలో ఏం పెడతావు?

దీనికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రి లేదు, ఇప్పుడూ సరిగ్గా లేదు. ఆయన చెప్పింది నిజం. నీడ దొరికినవాడికి అది నిజమైన నీడే. కింద చోటు దొరకనివాళ్ల సంగతి మాత్రమే నేను చెప్పగలను. అందుకే ఆ కథ చెప్పాను.

నేను: మహాశ్వేతాదేవి కథ ఒకటుంది మావయ్యా. పలామూ జిల్లాలో నాగేసియా తెగ మనిషి, మూడొందల రూపాయల అప్పుకి వెట్టివాడయ్యాడు. ఎద్దు బదులు అతన్ని బండికి కడితే నడుం విరిగింది. అతని కూతురు దౌలతి. పెళ్లి పేరు చెప్పి ఒకడు అప్పు తీర్చి తీసుకుపోయి ఒళ్లమ్ముకునే కొంపలో పడేశాడు. ఆ డబ్బు ఆమె మీద అప్పయింది, అది ఎప్పటికీ తీరలేదు. రోగంతో ఒళ్లు కుళ్లిపోయాక బయటికి నెట్టేశారు. సొంతూరికి నడుచుకుంటూ బయల్దేరింది. చీకట్లో ఒక బడి ఆవరణలో శుభ్రంగా అలికిన నేల కనబడితే అక్కడే ఒరిగింది. తెల్లవారితే ఆగస్టు 15. ఆ బడి మాస్టారు జెండా పాతడానికి నేల మీద భారతదేశం పటం గీసి ఉంచాడు. పొద్దున్నే పిల్లలతో వచ్చి చూస్తే ఆ పటం నిండా దౌలతి శవం పరుచుకుని ఉంది. జెండా ఎక్కడ పాతాలో ఆ మాస్టారికి తెలియలేదు.

మావయ్య: మన బడిలో కూడా గీస్తారే.

నేను: ఏం గీస్తారు?

మావయ్య: పటం. గ్రౌండులో ముగ్గుపిండితో. నేనున్నన్నాళ్లూ నేనే గీసేవాణ్ణి. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లించి, తాడు కట్టి కొలత చూసుకుని. కన్యాకుమారి కొస దగ్గర చెయ్యి వణక్కూడదు. ఇప్పుడు డ్రిల్లు మాస్టారు గీయిస్తున్నాడు. ఈపాటికి అయిపోయి ఉంటుంది.

ఇద్దరం ఊరుకున్నాం. అత్తయ్య వచ్చి అన్నం వడ్డించనా అని రెండోసారి అడిగింది. మావయ్య కాయితం తీసి కళ్లజోడు సర్దుకున్నారు.

మావయ్య: దౌలతి కథ రేపు చెప్పను. నువ్వేమన్నా అనుకో, ఆ పసివాళ్ల ముందు నా నోరు రాదు. చిలకమర్తి పద్యం తియ్యను. నాకు ప్రాణం అది. ధర్మన్న పేరు రాస్తున్నాను, రెండు పాటల సంగతీ చెబుతాను, తెల్లదొరతనం, నల్లదొరతనం, రెండూ.

నేను: హమీద్?

మావయ్య: హమీద్ ఎలాగూ ఉన్నాడు. ఆ రెండోవాడు, ఠాణా దగ్గర పోయిన కుర్రాడు. ముంతాజ్ కదూ? ఏ ఊరి ఠాణా అన్నావు?

నేను: కాసిమాబాద్.

మావయ్య: కా-సి-మా-బా-ద్. పొద్దున్న ఆరింటికి లేచి నాకోసారి మళ్లీ చెప్పు, ఆ ముసలాయన లేచి నిలబడ్డచోటు. ఇప్పుడొద్దు. ఇప్పుడు చెబితే నిద్రపట్టదు.